కోట వీధిలో కోట ఏదీ?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయిని వెంటబెట్టుకుని పాత ఊళ్లో ఉన్న మా పెద్దత్తగారింటికి వెళ్లాను. బస్సు దిగి సందుల్లోంచి నడుస్తూంటే, గోడ మీద రాసి ఉన్న 'కోట వీధి' అన్న పేరు చదివి, "అమ్మా, కోట వీధిలో కోట ఏదీ?" అని అడిగింది. ఇటు చూశాను, అటు చూశాను. కిరాణా కొట్టు ఉంది, మేడ మీద ఆరేసిన బట్టలున్నాయి, సైకిళ్లు బాగుచేసే కుర్రాడున్నాడు. కోట మాత్రం లేదు. "ఒకప్పుడు ఉండేది లేవే" అన్నాను. అంతటితో ఊరుకుంటుందా? "ఎవరు కట్టారు? ఎందుక్కట్టారు? మరి ఏమైపోయింది?" అని వరసగా మూడు ప్రశ్నలు.

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలోనే. నలభై ఏళ్లు దాటాయి. రోజూ సముద్రం గాలి పీలుస్తున్నదాన్ని. ఒక్క ప్రశ్నకీ సరైన జవాబు చెప్పలేకపోయాను. చదివింది పదో తరగతే అయినా, పిల్ల దగ్గర చిన్నతనం అనిపించింది. ఆ పట్టుదలతో గ్రంథాలయానికి నాలుగు రోజులు తిరిగాను. ఊళ్లో పెద్దవాళ్లని అడిగాను. తెలిసింది మీకూ చెబుదామని ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముందు, ఎవరు కట్టారన్నది. 1682లో ఇంగ్లీషు కుంపిణీవారు విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అనగానే మనకి ఉక్కు కర్మాగారంలాగా పొగగొట్టాలు, యంత్రాలు గుర్తుకొస్తాయి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే అది కాదు. కుంపిణీ గుమాస్తాలు కాపురముండి సరుకు కొనే ఇల్లు, సరుకు దాచే గోదాము, లెక్కలు రాసే కచేరీ, అన్నీ కలిసి ఒక లోగిలి. వాళ్లు కొనే సరుకు ముఖ్యంగా ఏమిటో తెలుసా? బట్ట! మన ఉత్తరాంధ్ర నేతగాళ్లు నేసిన నూలు బట్ట. చుట్టుపక్కల పల్లెల్లో మగ్గాల మీద నేసింది ఇక్కడ మూటలు కట్టి, ఓడలెక్కించి, ఇంగ్లండు దాకా పట్టుకుపోయేవారు. మనం చీరల బీరువాకి తాళం వేసుకున్నట్టే వాళ్లు ఆ బట్టల గోదాముకి గోడ కట్టారన్నమాట.

అయితే మొదట్లో ఆ గోడ అంత గట్టిది కాదు. 1689లో కుంపిణీవారికి, ఔరంగజేబు పాదుషాకి తగువొచ్చింది. మొగలాయి సేన వచ్చి విశాఖ ఫ్యాక్టరీని పట్టుకుంది. అందులో కొందరు ఇంగ్లీషువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత రాజీ కుదిరి మళ్లీ వ్యాపారం మొదలెట్టినప్పుడు, ఇహ లాభం లేదని గోడలు పెంచారు, బురుజులు కట్టారు, ఫిరంగులు పెట్టారు. అలా ఒక గోదాము కోట అయింది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు, బురద నేల. ఆ బురద నేలే తర్వాతెప్పుడో మన ఓడరేవయింది. ఆ కోట పేరే ఇవాళ వీధి పేరుగా మిగిలింది.

మరి అంత కష్టపడి కట్టిన కోట కాపాడిందా అంటే, అదీ లేదు. 1757 మనందరికీ తెలిసిన సంవత్సరమే. ఆ జనవరిలోనే బొబ్బిలి యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీయే జూన్ నెలలో విశాఖపట్నం మీదికి వచ్చాడు. కోట పెద్దగా పోరాటం లేకుండానే లొంగిపోయింది. మరుసటేడు విజయనగరం రాజు ఆనంద గజపతి దాన్ని ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి పట్టుకుని ఇంగ్లీషువాళ్లకి అప్పగించాడు. ఏడాది కాలంలో మూడు చేతులు మారింది! గోడ అదే, ఫిరంగులూ అవే. అంటే బలం గోడలో లేదన్నమాట. మరి ఎందులో ఉంది?

ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను చాలా దూరం పోయాను. మధ్యధరా సముద్రంలో మాల్టా అని ఓ చిన్న ద్వీపం ఉంది. మన జిల్లాలో ఒక మూలకి కూడా సరిపోదు. దాని పక్కనే గోజో అని ఇంకా చిన్నది. ఆ సముద్రంలో ఆ రోజుల్లో ఓడదొంగల భయం విపరీతం. వాళ్లకి బంగారం కన్నా మనుషులే కావాలి. రాత్రివేళ పడవలు ఒడ్డుకి చేర్చి, నిద్రపోతున్న ఆడవాళ్లనీ పిల్లల్నీ ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మేసేవారు. 1551లో అయితే తురుష్కుల నౌకాదళమే వచ్చి, గోజో ద్వీపంలో ఉన్న జనాన్ని ఇంచుమించు అందర్నీ, సుమారు 5 వేల మందిని, పట్టుకుపోయింది. అక్కడా కోట ఉంది. జనం ఆ కోటలోనే తలదాచుకున్నారు. అది నిలవలేదు.

ఇంకో వందేళ్లకి, అంటే 1658, 59 సంవత్సరాల్లో, మాల్టాని ఏలే మార్టిన్ డి రెడిన్ అనే ఆయన ఒక పని చేశాడు. పెద్ద కోట కట్టడం కాదు, తీరం పొడుగునా 13 చిన్న చిన్న బురుజులు కట్టించాడు. ఒక్కొక్కటీ రెండంతస్తుల మేడంత ఉంటుంది. లోపల నలుగురైదుగురు ఉంటారు. ఒకటి రెండు ఫిరంగులు. అంతే. కాని ఒక బురుజు మీద నిలబడితే పక్క బురుజు కనబడాలి. అది నియమం. సముద్రం మీద అనుమానం వేసే తెరచాప కనబడితే పగలైతే పొగ, రాత్రయితే మంట. అది చూసి రెండో బురుజువాళ్లు మంట వేస్తారు, వాళ్లని చూసి మూడోవాళ్లు. అలా కబురు ద్వీపమంతా పాకిపోతుంది. పల్లెల్లో ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని గోడలున్న ఊళ్లోకి పోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ బురుజులు శత్రువుని ఆపడానికి కట్టినవి కావు, వ్యవధి సంపాదించి పెట్టడానికి కట్టినవి.

ఇది మన వంటింటి సంగతి లాంటిదే. పాలు పొంగకుండా ఆపేది గిన్నె అంచు ఎత్తు కాదు, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి చూపు. ఎంత లోతు గిన్నెలో పోసినా, మనం పక్కకి తిరిగామో, పొయ్యి మీదికి వచ్చేస్తాయి.

అయితే ఆ చిన్న బురుజులు పోరాడలేవా అంటే, అవసరమైతే అదీ చేసేవి. మధ్యధరాలోనే కోర్సికా అని ఇంకో ద్వీపం. అక్కడ మోర్టెల్లా అనేచోట ఒడ్డున గుండ్రని బురుజు ఒకటి ఉండేది. 1794లో ఇంగ్లీషువారి యుద్ధనౌకలు రెండు దాని మీదికి వెళ్లాయి. రెండింటి మీదా కలిపి 106 ఫిరంగులు. బురుజులో ఉన్నవి మూడంటే మూడు. చివరికి ఓడలే దెబ్బతిని వెనక్కి తగ్గాయి. తర్వాత నేల మీదినుంచి ఫిరంగులు పెట్టి రెండు రోజులు కొడితేగాని అది లొంగలేదు. ఇంగ్లీషువాళ్లు దానికెంత అచ్చెరువొందారంటే, తమ దేశపు తీరం పొడుగునా అలాంటివే వరసగా కట్టుకున్నారు. ఆ ఊరి పేరే కొంచెం తిరగబడి 'మార్టెల్లో' బురుజులని వాటికి పేరొచ్చింది.

అది జరిగిన పదేళ్లకి మన విశాఖ ఒడ్డునే ఇంచుమించు అలాంటి పోరాటం జరిగింది. 1804 సెప్టెంబరు 15. మన ఊరి ముందు సముద్రంలో ఇంగ్లీషువారి 'సెంచూరియన్' అనే యుద్ధనౌక లంగరు వేసుకుని ఉంది. దాని మీద 50 ఫిరంగులు. దాని అండన రెండు సరుకు ఓడలు, 'బార్నబీ', 'ప్రిన్సెస్ షార్లెట్' అనేవి. పొద్దున్నే ఫ్రెంచి సేనాని లినోవా మూడు ఓడలతో వచ్చిపడ్డాడు. అందులో పెద్దది 'మరెంగో'. దాని మీదే 74 ఫిరంగులు. అసలు సెంచూరియన్ కప్తాను ఆ సమయంలో ఓడ మీద లేడు, ఒడ్డున ఉన్నాడు! ఆయన కింది అధికారే పోరు నడిపాడు. కప్తాను నడిమధ్యలో పడవెక్కి గుండ్లవర్షంలోంచి ఓడ చేరుకున్నాడు. బార్నబీ ఒడ్డుకి కొట్టుకొచ్చి అలల్లో బద్దలైపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం తీరానికి దగ్గరగా లోతు తక్కువ నీళ్లలోకి జరిగింది. అంత పెద్ద మరెంగో ఆ ఇసుక తిన్నెల దాకా రాలేదు. ఒడ్డుమీది ఫిరంగులు కూడా తమ వంతు సాయం చేశాయి. చివరికి లినోవా దొరికిన ఒక్క ఓడనీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు పాత ఊళ్లో ఉన్న మన ముత్తవ్వలు ఏం చేసి ఉంటారని నేను ఆలోచిస్తూంటాను. ఇంగ్లీషువాడెవడో, ఫ్రెంచివాడెవడో, వాళ్ల తగువేమిటో వీళ్లకి తెలుసా? ఫిరంగి మోత వినబడగానే పొయ్యి ఆర్పేసి, పిల్లల్ని లోపలికి లాక్కుని, తలుపు గడియ వేసుకుని ఉంటారు. చరిత్ర పుస్తకాల్లో ఓడల పేర్లున్నాయి, ఫిరంగుల లెక్కలున్నాయి. వీళ్ల సంగతి ఒక్క ముక్కా లేదు.

ఇహ భీమునిపట్నం. మనం పిల్లల్ని తీసుకుని భీమిలి బీచికి పోతూనే ఉంటాం. అక్కడ విశాఖ ఇంగ్లీషువాళ్లకి పోటీగా డచ్చివారు, అంటే హాలండువాళ్లు, కోట కట్టుకున్నారు. వాళ్లదీ ప్రధానంగా బట్టల వ్యాపారమే. 1754లో మరాఠా సేనలు ఇటు వచ్చినప్పుడు భీమిలిని దోచుకుపోయాయి. కోట అక్కడా అక్కరకి రాలేదు. ఆఖరికి 1824లో యూరపులో జరిగిన ఒడంబడిక ప్రకారం మరుసటేడు భీమిలి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. డచ్చివారు వెళ్లిపోయారు. కోట అంటూ చెప్పుకోదగ్గది ఏమీ మిగల్లేదు. సమాధులు మాత్రం మిగిలాయి. పైకి పోయేకొద్దీ సన్నబడే స్తంభాల్లాంటి కట్టడాలు. సముద్రం ఒడ్డున గాలికి నిలబడి ఉంటాయి. ఆ శ్మశానాల్లో ఒకదానికి 'ఫ్లాగ్‌స్టాఫ్' అని పేరు. అంటే జెండాకొయ్య అని. ఆ పేరు నాకెంతో నచ్చింది. ఓడలకి కబురు చెప్పే జెండా ఎగిరే చోటు కాబోలు. కోట పోయింది, జెండా పోయింది, పేరు మిగిలింది. మన కోట వీధి సంగతీ అంతే కదూ!

భీమిలి దాటి కొంచెం ఉత్తరానికి పోతే చింతపల్లి. ఇప్పుడది విజయనగరం జిల్లాలో ఉంది. ఆ ఎదురుగా సముద్రంలో, ఒడ్డుకి కొన్ని మైళ్ల దూరాన, నీళ్ల మాటున రాళ్లున్నాయి. పాతవాళ్లు వాటిని సంతపిల్లి రాళ్లనేవారు. భీమిలికి, కళింగపట్నానికి మధ్య తిరిగే ఓడలు వాటికి గుద్దుకునేవి. అందుకని 1847లో అక్కడి కొండ మీద దీపస్తంభం కట్టారు. గమనించారా? ఇక్కడినుంచి సంగతి మారింది. ఇది శత్రువుని కనిపెట్టే బురుజు కాదు. ఎవరి ఓడ అయినా సరే, 'ఇటు రాకు నాయనా, ఇక్కడ రాళ్లున్నాయి' అని చెప్పే బురుజు. ఆ దీపానికి ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చి తేడా లేదు. మన జాలరి తెప్పకీ అదే వెలుగు.

ఎంచేతంటే, ఈ తీరానికి పెద్ద శత్రువు మనిషి కాదు, సముద్రమే. దీనికి బందరుకోటని మించిన రుజువు లేదు. డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు అందరూ కాలు మోపిన రేవు మచిలీపట్నం. అక్కడి కోట కోసం 1759లో పెద్ద యుద్ధం జరిగింది. అంతటి కోట ఉన్న ఊరి మీదికి 1864 నవంబరు 1 రాత్రి తుఫాను వచ్చింది. ఉప్పెన నీరు మనిషికి రెండింతల ఎత్తున ఊరి మీద పడింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. ఏ బురుజు మీదినుంచీ ఎవరూ మంట వేయలేదు. వేయాలన్నా, ఏం రాబోతోందో ముందుగా తెలిసే సాధనమే లేదు. తర్వాత అక్కడి పటాలం కూడా వెళ్లిపోయింది. కోట పాడుపడింది.

విశాఖకి ఆ విషయంలో ఒక అదృష్టం ఉంది. మన యారాడ కొండ. సముద్రంలోకి మూతి చాచిన చేపలాగా ఉందని ఇంగ్లీషువాళ్లు దానికి డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. ఎవరూ కట్టని కోటగోడ అది. ఉప్పుటేరుని తవ్వి ఓడరేవు చేసినప్పుడు ఆ కొండ చాటునే ఓడలు నిలబడేట్టు చేశారు. పెద్ద కెరటాలు రేవులోకి రాకుండా రెండు పాత ఓడల్ని తెచ్చి అక్కడే ముంచి అడ్డుకట్ట వేశారు. పనికిరాని ఓడలు గోడలయ్యాయన్నమాట! 1933 అక్టోబరు 7న ఆ రేవులోకి మొట్టమొదట వచ్చిన ఓడ పేరేమిటో ఊహించగలరా? 'జలదుర్గ'. అంటే నీటికోట. పాత కోట పోయిన ఊరికి ఆ పేరుతో ఓడ రావడం విచిత్రంగా లేదూ?

రేవు వచ్చింది, దాంతో భయమూ వచ్చింది. ఇక్కడినుంచి నాకు పుస్తకాలక్కర్లేదు. మా ఇంట్లో ఆడవాళ్ల నోట విన్నవే చాలు.

మా అమ్మమ్మ కాపురానికొచ్చింది పాత ఊళ్లోకే. 1942 ఏప్రిల్ 6. ముందురోజు ఈస్టరు పండగ. ఆ పండగ నాడే జపానువాళ్లు కొలంబో మీద బాంబులేశారు. మర్నాడు మన రేవు మీద, కాకినాడ మీద వేశారు. అమ్మమ్మ అప్పుడు పొయ్యి మీద పప్పు పెట్టిందిట. మోత వినగానే ఒళ్లో పిల్లాడితో వీధిలోకొచ్చింది. ఎవరూ ఏమీ చెప్పేవాళ్లు లేరు. ఒకళ్లు కొండెక్కమన్నారు, ఒకళ్లు దిగమన్నారు. ఆ సాయంత్రమే రెండెడ్ల బండిలో విజయనగరం దారి పట్టారు. ఇత్తడి సామాను నూతిలో పడేసి, తాళం వేయకుండానే వెళ్లిపోయారుట. ఊళ్లో సగం మంది అలాగే పోయారుట. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కూడా గుంటూరుకి తరలించేశారు. "బాంబుకి కాదే భయపడింది, ఏం జరుగుతోందో తెలీకపోవడానికి భయపడ్డాం" అనేది అమ్మమ్మ. ఈ మాట మీరు బాగా గుర్తుంచుకోవాలి.

1971 డిసెంబరుకి మా అమ్మకి పదహారేళ్లు. పాకిస్తానుతో యుద్ధం. ఈసారి ఎవరికీ తెలీకుండా జరగలేదు. ముందే చెప్పారు. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలంటించారు. సైరను మోగితే దీపాలార్పేయాలి. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు వినబడి ఇంట్లో గిన్నెలు గలగలమన్నాయిట. మన రేవు దగ్గరికి పొంచి వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' మునిగిపోయిన మోత అది. మన నౌక దెబ్బకి మునిగిందని మనవాళ్లు, తను పెట్టిన మందుపాతరే పేలిందని వాళ్లు అంటారు. అందులో 90 మందికి పైగా చనిపోయారు. వాళ్లకీ తల్లులుంటారు. మర్నాటినుంచి సముద్రం మీద తేలిన చమురునీ, ప్రాణరక్షణ కోట్లనీ కనిపెట్టి చెప్పింది ఎవరనుకున్నారు? మన చేపలవాళ్లు! అంత నౌకాదళం ఉన్నా, రోజూ సముద్రాన్ని చూసే కన్ను వాళ్లదే.

యుద్ధం ముగిసిన కొన్నేళ్లకి, 1976లో, నౌకాదళంవారు తమ స్థావరం కోసం అనువైన చోటు వెతుకుతూ విమానంలోంచి చూస్తూంటే, భీమిలి దారిలో ఓ కొండ మీద పాత కట్టడాలు కనబడ్డాయి. అదే తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులున్న చోటు. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయి కనక ఆ పేరు. అక్కడ రోము దేశపు నాణాలు దొరికాయి. భిక్షువులకి కోట లేదు, ఫిరంగి లేదు. కాని ఆ కొండ మీద నిలబడితే సముద్రం ఎంత దూరం కనబడుతుందో మీరే వెళ్లి చూడండి. రెండు వేల ఏళ్ల కిందటివాళ్లూ, నౌకాదళంవాళ్లూ ఒకే కొండని ఎంచుకున్నారంటే ఊరికే కాదు మరి.

ఇహ నా సంగతి. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. ముందు నాలుగు రోజులనుంచీ రేడియోలో, టీవీలో చెబుతూనే ఉన్నారు. నేను వినలేదని కాదు, విన్నాను. కాని "ఏటా చెబుతారు, ఎటో పోతుంది" అనుకున్నాను. శనివారం పొద్దున్న మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ ఉత్త తట్టతో వచ్చింది. "ఏటమ్మా, అలగ కూకున్నావు? రేవుల నంబరు పెంచీసారు. మావోలు పడవలన్నీ మీదకి లాగీసారు. నీళ్లు పట్టీసుకున్నావా, బియ్యం పైన పెట్టీసావా?" అని గసిరింది. ఆవిడ చెప్పబట్టి బిందెలు, బకెట్లు, ఆఖరికి పప్పు కుక్కరు కూడా నింపాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఆరుగురం, పక్కింటి పసిపిల్లా బతికింది ఆ నీళ్లతోనే. కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోను లేదు. మైక్రోఫోను ముందు కూర్చుని నలుగురికి నీతులు చెప్పే నేను, తట్ట నెత్తిన పెట్టుకున్న ఆవిడ చేత చెప్పించుకోవలసి వచ్చింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆవిడ అన్న నంబరు సంగతి మీకు చెప్పి తీరాలి. పేపర్లో 'ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక' అని చదువుతూంటాం, అర్థం మాత్రం తెలీదు. రేవులో జెండాకొయ్య మీద పగలు కొన్ని గుర్తులు, రాత్రి దీపాలు ఎగరేస్తారు. మొత్తం 11 నంబర్లు. 1, 2 అంటే సముద్రంలో దూరాన ఏదో ఉంది, బయల్దేరే ఓడలు జాగ్రత్త అని. 3, 4 అంటే మన రేవుకే గాలి వాన తగలొచ్చని. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 మహా ప్రమాదం. ఈ మూడేసింటిలో తేడా ఏమిటంటే, తుఫాను మన రేవుని తనకి ఎడమపక్కన వదిలి పోతుందా, కుడిపక్కన వదిలి పోతుందా, లేక సరిగ్గా మన నెత్తి మీదినుంచే పోతుందా అన్నది. అందుకని 7, 10 అన్నారంటే నేరుగా మన ఇంటికే వస్తోందని అర్థం.

మరి 11? అది వినడానికి చిన్నగానే ఉంటుంది, నాకు మాత్రం అన్నిటికన్నా అదే భయం. 11వ నంబరంటే, తుఫాను కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇంక కబురు రాదని. అంటే కాపలా కన్ను మూతపడిందన్నమాట. మా అమ్మమ్మ 1942లో అన్నది ఆ నంబరు గురించే!

మన విశాఖకి ఈ విషయంలో ఒక పేరుంది. దేశంలో తుఫానుల్ని పట్టే రాడార్‌ని మొట్టమొదట పెట్టింది మన ఊళ్లోనే, 1970లో. మాల్టా బురుజు మీది మనిషి చూపు ఆకాశం, నీరు కలిసే గీత దాకా పోతే, దీని చూపు వందల కిలోమీటర్లు పోతుంది. యారాడ కొండ మీద 1957నుంచి దీపస్తంభం ఉంది. 2008లో ముంబయి మీద సముద్రం దారిన వచ్చి దాడి చేసిన తర్వాత, దేశపు తీరం పొడుగునా ఎన్నో దీపస్తంభాల మీద రాడార్లు పెట్టి వచ్చేపోయే పడవల్ని కనిపెడుతున్నారు. ఒకదాని చూపు ఆగేలోపు ఇంకోదాని చూపు అందుకోవాలి. అదే పాత నియమం. పొగా మంటా పోయి తీగలూ తరంగాలూ వచ్చాయి, అంతే.

హుద్‌హుద్ గాలి గంటకి 180 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కొట్టింది. ఆ దెబ్బకి విశాఖ రాడారే దెబ్బతింది. కాని దాని పని అప్పటికే చేసేసింది. తీరంలో లక్షల మందిని ముందే తరలించారు. బందరు ఉప్పెనలో పోయిన ప్రాణాలు వేలల్లో లెక్కపెడితే, ఇక్కడ పోయినవి పదుల్లో. పదులైనా ప్రాణాలే, కాదనను. కాని ఆ తేడా గోడ తెచ్చింది కాదు, ముందుగా అందిన కబురు తెచ్చింది. ఆ కబురు విని లేచిన కాళ్లు తెచ్చాయి. కబురు చెప్పేవాళ్లున్నా, నాలాగా విని ఊరుకుంటే ఎన్ని రాడార్లున్నా ఏం లాభం?

అంచేత, అక్కయ్యలూ చెల్లెళ్లూ, నాదొక మనవి. ఈసారి భీమిలి వెళ్లినప్పుడు ఐస్‌క్రీము కొనిపెట్టి తిరిగి వచ్చేయకండి. పిల్లల్ని ఆ డచ్చి సమాధుల దగ్గరికీ, తొట్లకొండ మీదికీ తీసుకెళ్లండి. పాత ఊళ్లో వీధుల పేర్లు చదివించండి. రాళ్ల మీద పేర్లు చెక్కొద్దని చెప్పండి, మిగిలినవే కొన్ని. ఇహ అక్టోబరు, నవంబరు నెలల్లో రేడియోలో తుఫాను వార్త వస్తే చేతిలో పని ఆపి నంబరెంతో వినండి. బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉంచుకోండి. పనిమనిషికీ, పాలవాడికీ, పక్కింటివాళ్లకీ చెప్పండి. ఒక బురుజు మంట చూసి రెండో బురుజు మంట వేయాలి కదా!

పోయిన ఆదివారం మా అమ్మాయి మళ్లీ అడిగింది, "కోట ఏదీ అని అడిగితే చెప్పనేలేదు" అని. యారాడ కొండ మీద దీపం అప్పుడే వెలిగింది. మేడ మీదికి తీసుకెళ్లి చూపించాను. "అదుగో, అదే" అన్నాను. కాసేపు చూసి, "మరి కింద పడవలో ఉన్నవాళ్లకి మనిల్లు కనబడుతుందా?" అంది. దీనికి జవాబు నాకింకా తెలీదు. కాని ఆ రాత్రి మేడ మీది దీపం ఆర్పలేదు.

సెలవు.